నేరుగా కేబులా, రౌటరా, వైఫైయా? రెండు ఫ్లయిట్ సిమ్యులేటర్ కంప్యూటర్లను కలపడానికి ఏది మేలు?

ఇంట్లో ఫ్లయిట్ సిమ్యులేటర్ నడిపేవారికి ఏదో ఒక దశలో ఒక్క కంప్యూటర్ చాలదనిపిస్తుంది. ఎదుటి కిటికీ దృశ్యాన్ని కొత్త కంప్యూటర్‌కు ఉంచి, కాక్‌పిట్ మీటర్లనో, మ్యాపునో, పక్క కిటికీ దృశ్యాన్నో పాతదానికి అప్పగిస్తే మొదటిదాని మీద భారం తగ్గుతుంది, కూర్చున్నవారికీ విమానంలో ఉన్నట్టే ఉంటుంది. చిక్కంతా ఆ రెండింటినీ కలిపే దారిలో వస్తుంది. విశాఖపట్నంలో లేచిన విమానం మొదటి తెర మీద తూర్పు కనుమలు దాటుతుంటే, రెండో తెర మీద ఇంకా సముద్రపు ఒడ్డునే ఆగిపోయి ఉంటుంది. లేదా ఒక కంప్యూటర్‌కు రెండోది అసలు కనిపించనే కనిపించదు. పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలోని మన ఇళ్లను దృష్టిలో పెట్టుకుని, ఈ దారుల్లో ఏది మేలో, ఏది ఎక్కడ మొరాయిస్తుందో తూచి చూద్దాం.

ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ పనికి వేగం పెద్దగా అక్కర్లేదు. ఒక కంప్యూటర్ రెండోదానికి పంపేది బొమ్మ కాదు; విమానం ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఎటు వాలి ఉంది అన్న అంకెలు మాత్రమే, బొమ్మను రెండో కంప్యూటర్ తానే గీసుకుంటుంది. సెకనుకు 60 ప్యాకెట్లు, అంటే సమాచారపు చిన్న మూటలు, ఒక్కొక్కటి 500 బైట్లు అనుకున్నా మొత్తం సెకనుకు 240 కిలోబిట్లు, అంటే 100 మెగాబిట్ల పాత కేబుల్‌కు కూడా అది లెక్కలోనిది కాదు. కావలసింది వేళకు అందడం. సెకనుకు 60 ఫ్రేములు గీసే తెరకు ఒక్కో ఫ్రేముకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు; ప్యాకెట్ అంతకు మించి ఆలస్యమైతే దృశ్యం ఒక్క కుదుపు కుదుపుతుంది. ఎక్స్‌ప్లేన్ వంటి సిమ్యులేటర్లు ఈ సమాచారాన్ని, అందిందో లేదో చూసుకోని యూడీపీ పద్ధతిలో పంపుతాయి కనుక, దారిలో పోయిన ప్యాకెట్‌ను సిమ్యులేటర్ మళ్లీ పంపదు. కాబట్టి పెట్టె మీద ఎన్ని మెగాబిట్లని రాసి ఉందో చూసి దారిని ఎంచుకోవడం దండగ.

రెండు కంప్యూటర్లూ ఒకే గదిలో ఉంటే అన్నిటికన్నా శుభ్రమైన దారి వాటి మధ్య ఒక్క లాన్ కేబుల్ వేయడం. ఒకప్పుడు ఇందుకు క్రాస్‌ఓవర్ అనే ప్రత్యేక కేబుల్ కావలసి వచ్చేది. గిగాబిట్ పోర్టులున్న కంప్యూటర్లు పంపే తీగలేవో అందుకునే తీగలేవో తామే సర్దుకుంటాయి కనుక మామూలు క్యాట్ 5ఈ కేబుల్ సరిపోతుంది. నడుమ ఇంకే పెట్టే ఉండదు. కరెంటు పోయినా రెండు కంప్యూటర్లూ యూపీఎస్ మీద ఉన్నంతసేపు కలయిక చెదరదు. అదే రౌటర్ ద్వారా కలిపి ఉంటే, ముందు గదిలో యూపీఎస్ లేని రౌటర్ ఆరిపోయిన క్షణానే రెండో తెర ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేశాక ఎన్నాళ్లు చీకట్లో ఉన్నామో గుర్తున్నవారికి ఈ తేడా విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అయితే నేరు కేబుల్‌కు ఒక మొండి గుణం ఉంది, కనెక్షన్ కుదరలేదని వినవచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది. రౌటర్ లేదు గనుక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే అంకెల చిరునామా) ఇచ్చేవారు ఉండరు. అప్పుడు విండోస్ తనంతట తాను 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది. ఆ అడ్రస్‌తో కూడా కొన్ని పనులు జరుగుతాయి గానీ అది స్థిరంగా ఉంటుందన్న హామీ లేదు. అందుచేత ఒకదానికి 10.10.10.1, రెండోదానికి 10.10.10.2 అని చేత్తో ఇచ్చి, సబ్‌నెట్ మాస్కు 255.255.255.0 పెట్టి, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే రౌటర్ అడ్రస్) గడిని ఖాళీగా వదిలేయాలి. గేట్‌వే ఖాళీగా ఉండటంతో విండోస్ దాన్ని గుర్తు తెలియని నెట్‌వర్క్‌గా ఎంచి, పబ్లిక్ వర్గంలో వేస్తుంది. పబ్లిక్ అంటే రైల్వేస్టేషన్ వైఫైతో సమానం. బయటి నుంచి వచ్చే సమాచారానికి కాపలా కాసే ఫైర్‌వాల్ తలుపులన్నీ వేసేస్తుంది. కేబుల్ బాగుంటుంది, పోర్టు దగ్గర దీపం వెలుగుతుంది, అడ్రస్‌లు సరిగానే ఉంటాయి, అయినా సిమ్యులేటర్‌కు ఏమీ అందదు.

ఇక్కడే పింగ్, అంటే ఎదుటి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే పరీక్ష, కూడా దారి తప్పిస్తుంది. పింగ్‌కు జవాబు రాకపోతే కేబుల్ చెడిందని తీర్మానించి కొత్తది కొనేవారున్నారు. నిజానికి పబ్లిక్ వర్గంలో ఉన్న విండోస్ కంప్యూటర్, కేబుల్ ఎంత బాగున్నా, పింగ్‌కు మామూలుగా జవాబివ్వదు. పింగ్ వెళ్తే దారి ఉందన్నది నిజం. వెళ్లకపోతే దారి లేదన్నది మాత్రం నిజం కాదు. ఫైల్, ప్రింటర్ షేరింగ్ కింద ఉండే ఎకో రిక్వెస్ట్ అనుమతిని రెండు కంప్యూటర్లలోనూ ఇచ్చాకే ఆ పరీక్షను నమ్మాలి.

ఫైర్‌వాల్‌లో ఇంకో గోతి ఉంది. సిమ్యులేటర్‌ను మొదటిసారి తెరిచినప్పుడు విండోస్ అనుమతి అడుగుతుంది. ఆ పెట్టె ఏమిటో చూడకుండా రద్దు నొక్కితే, ఆ ప్రోగ్రాము పేరిట నిరోధించే నియమం ఒకటి నమోదవుతుంది. తర్వాత మనం ఎన్ని అనుమతి నియమాలు చేర్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్‌లో నిరోధానిదే పైచేయి. ముందు ఆ పాత నియమాన్ని వెతికి తీసేయాలి. ఆ తర్వాత, ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపేయకుండా, ఆ ఒక్క ప్రోగ్రాముకు, ఎదుటి కంప్యూటర్ అడ్రస్‌కు మాత్రమే, అన్ని వర్గాల్లోనూ వర్తించేలా అనుమతి ఇవ్వడం మంచిది. పోర్టు సంఖ్యతో (ఇది కేబుల్ తగిలించే పోర్టు కాదు, ప్రోగ్రాము సమాచారం అందుకునే తలుపు అంకె) ఇవ్వదలచినవారు ఎక్స్‌ప్లేన్‌కు 49000 నుంచి 49002 వరకు, సిమ్యులేటర్ సమాచారాన్ని రెండో కంప్యూటర్‌కు చేర్చే, పీట్ డౌసన్ రాసిన వైడ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రాముకు 8002 తెరవాలి. వేరే యాంటీవైరస్ ఉన్న ఇళ్లలో దానికి సొంత ఫైర్‌వాల్ ఉంటుందని మరవకూడదు. విండోస్‌లో అంతా తెరిచినా అది మూసే ఉంచుతుంది.

ఇంటర్నెట్ కూడా కావాలని కేబుల్‌తో పాటు వైఫైనీ ఆన్‌లో ఉంచుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఇంటి వైఫై 192.168.1తో మొదలైతే కేబుల్‌కూ అదే వరస ఇవ్వకూడదు; ఇస్తే ఎటు పంపాలో కంప్యూటర్‌కు తేలదు. వరసలు వేరుగా ఉన్నా, అందరికీ వినిపించేలా పంపే పలకరింపు ప్యాకెట్లు ఒక్కోసారి వైఫై వైపు వెళ్లిపోతాయి. ఎక్స్‌ప్లేన్ తన ఉనికిని 239.255.1.1 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి పలువురికి వినిపించే) అడ్రస్‌కు, 49707 పోర్టుకు చాటుతుంది. అది తప్పుదారి పడితే రెండో కంప్యూటర్ పేరు జాబితాలో కనిపించదు. జాబితా కోసం ఎదురుచూడకుండా ఐపీ అడ్రస్‌ను చేత్తో రాస్తే ఆ బెడద తప్పుతుంది. వైడ్‌ఎఫ్‌ఎస్‌లోనూ అంతే. రెండు కంప్యూటర్లూ ఒకే వర్క్‌గ్రూపులో (విండోస్ కంప్యూటర్లకు ఇచ్చే గుంపు పేరు) ఉంటేనే అది సర్వర్‌ను, అంటే సిమ్యులేటర్ నడిచే కంప్యూటర్‌ను, తానుగా కనుక్కుంటుంది. విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఉన్న పాత యంత్రం ఎంఎస్‌హోమ్ అనే వర్క్‌గ్రూపులోనూ, కొత్తది వర్క్‌గ్రూప్ అనే పేరు కిందనూ ఉండిపోతే ఒకదానికొకటి దొరకవు. సర్వర్ అడ్రస్‌ను రెండో కంప్యూటర్‌లోని క్లయింట్ ఫైలులో రాసేస్తే ఆ వెతుకులాటే అక్కర్లేదు.

ఇక రౌటర్ దారి. రెండు కంప్యూటర్లనూ కేబుళ్లతో రౌటర్ లాన్ పోర్టులకు తగిలిస్తే సమయం విషయంలో నేరు కేబుల్‌కు దాదాపు సాటి వస్తుంది. ఒక మిల్లీసెకను లోపే ప్యాకెట్ చేరుతుంది. ఇంటర్నెట్ లేనప్పుడు ఇది పనిచేయదనుకోవడం అపోహ. ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య మాట రౌటర్‌లోని స్విచ్ (లాన్ కేబుళ్లను ఒకదానితో ఒకటి కలిపే భాగం) దాటి బయటికి పోదు, వీధిలో ఫైబర్ తెగినా సిమ్యులేటర్‌కు పట్టదు. గేట్‌వే ఉంటుంది కనుక విండోస్ ఈ నెట్‌వర్క్‌ను గుర్తుపట్టి, ఒకసారి ప్రైవేట్ అని చెబితే అలాగే ఉంచుకుంటుంది. మ్యాపు చూపే ట్యాబ్లెట్‌ను కూడా వైఫై మీద చేర్చుకోవచ్చు. సౌకర్యంలో దీనికి సాటి లేదు.

దీని బలహీనత అడ్రస్‌ల దగ్గర బయటపడుతుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటర్ మళ్లీ మొదలై అడ్రస్‌లు పంచుతుంది. ఎవరికి ఏది ఇచ్చానన్న జాబితాను గుర్తుంచుకోని చవక రౌటర్లలో నిన్న 192.168.1.4గా ఉన్న కంప్యూటర్ ఈ రోజు 192.168.1.7 కావచ్చు. సిమ్యులేటర్ ఫైలులో మాత్రం పాత అంకే ఉంటుంది. ఇల్లు మారినవారికి పాత చిరునామాకు ఉత్తరం వేసినట్టు, పంపిన ప్యాకెట్లన్నీ ఎవరికీ అందకుండా పోతాయి. నిన్నటిదాకా బాగానే నడిచిందండీ, ఏమీ మార్చలేదు అని ఎవరైనా అంటే మొదట చూడవలసింది ఇదే. రౌటర్ పేజీలోకి వెళ్లి ఆ రెండు కంప్యూటర్ల మ్యాక్ అడ్రస్‌లకు (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే గుర్తింపు) స్థిరమైన ఐపీలు కేటాయిస్తే ఈ రోగం మళ్లీ రాదు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెల్లో కొన్నింటికి ఒకే గిగాబిట్ పోర్టు ఉండి, తక్కినవి 100 మెగాబిట్లవే అయి ఉంటాయి. పైన వేసిన లెక్క ప్రకారం దానికి బెంగ పడనక్కర్లేదు.

వైఫై గురించి ఎక్కువ చెప్పడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఈ పనికి అది చివరి ఎంపిక. మన వైపు పాత ఇళ్లు వీధి వాకిలి నుంచి పెరటి దాకా పొడుగ్గా, గది వెనక గదిగా, మందపాటి గోడలతో ఉంటాయి. ఫైబర్ వచ్చేది వీధి గదిలోకి, కంప్యూటర్లు ఉండేది వెనక గదిలోనో మేడ మీదనో. 5 గిగాహెర్ట్జ్ తరంగం ఆ గోడలు దాటేసరికి నీరసపడుతుంది, దాటగలిగే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 అనే మూడే, వాటి మీద ఇరుగుపొరుగు రౌటర్లన్నీ పోటీ పడతాయి. రెండు కంప్యూటర్లూ వైఫై మీదే ఉంటే ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి. సగటు చూస్తే అయిదారు మిల్లీసెకన్లే కనిపించవచ్చు, కానీ నడుమ నడుమ వచ్చే పెద్ద ఆలస్యాలే తెరను కుదుపుతాయి. పింగ్‌ను ఆగకుండా కాసేపు నడిపి సగటును కాక గరిష్ఠాన్ని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గెస్ట్ నెట్‌వర్క్‌లో చేరినా, ఏపీ ఐసొలేషన్ అనే అమరిక ఆన్‌లో ఉన్నా, రెండింటికీ ఇంటర్నెట్ వస్తుంది గానీ ఒకదానికొకటి కనిపించవు. ఒక్క మ్యాపు లేదా మీటర్ల పలక కోసమైతే వైఫై ఫరవాలేదు. కిటికీ దృశ్యానికి మాత్రం వద్దు.

ఇంటి కరెంటు తీగల మీదుగా పంపే పవర్‌లైన్ అడాప్టర్లను కూడా కొందరు సూచిస్తారు. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను వేరుగా ఉంటుంది, త్రీఫేజ్ కనెక్షన్ ఉంటే గదులు వేర్వేరు ఫేజుల మీద ఉంటాయి, సర్జ్ ప్రొటెక్టర్‌కు తగిలిస్తే సంకేతమే సన్నగిల్లుతుంది. వైఫై అందని చోట, కేబుల్ లాగలేని అద్దె ఇంట్లో తప్ప దీన్ని తలపెట్టనక్కర్లేదు.

రెండో కంప్యూటర్ పక్కింట్లో, బావగారి మేడ మీద ఉంటే లెక్క మారుతుంది. రాగి తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది గానీ, వైశాఖంలో పిడుగులు పడే ఈ ప్రాంతంలో ఇంటి నుంచి ఇంటికి బయట రాగి లాన్ కేబుల్ వేలాడదీయడం రెండు చివరలా పోర్టులను పణంగా పెట్టడమే. లాన్ సంకేతాన్ని వెలుతురుగా మార్చే మీడియా కన్వర్టర్లు రెండు, లోహపు తీగ లేని ఫైబర్ వేసుకోవడం ఖర్చయినా క్షేమం.

అన్నీ కుదిరాక కూడా రెండు తెరలు పొసగకపోతే నెట్‌వర్క్‌ను తిట్టకూడదు. రెండు చోట్లా సిమ్యులేటర్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. దృశ్యాల ఫైళ్లూ ఒకటే అయి ఉండాలి. 2022లో ప్రయాణికుల విమానాలు మొదలైన జయపురం ఎయిర్‌పోర్టుకు మెరుగైన దృశ్యాన్ని ఒక్క కంప్యూటర్‌లోనే చేర్చుకుంటే, మొదటి తెర మీద రన్‌వేను తాకిన చక్రాలు రెండో తెర మీద నేలలో కూరుకుపోయో గాలిలో తేలుతూనో కనిపిస్తాయి. అంకెలు సరిగ్గానే అందాయి, నేలే వేరు.

ఇంతకీ ఏది మేలు? దోషాన్ని వెతకడానికైతే నిస్సందేహంగా నేరు కేబుల్. ఏ దారిలో చిక్కు వచ్చినా ముందు వైఫై ఆపి, రౌటర్‌ను పక్కన పెట్టి, రెండు కంప్యూటర్లనూ ఒక్క కేబుల్‌తో, చేత్తో ఇచ్చిన అడ్రస్‌లతో కలిపి చూడాలి. అప్పుడు నడిస్తే తప్పు రౌటర్‌ది లేదా వైఫైది. నడవకపోతే, కేబుల్ బాగున్నంతవరకు, తప్పు ఆ రెండు కంప్యూటర్లలోని ఫైర్‌వాల్‌దో, సిమ్యులేటర్ అమరికదో. రౌటర్‌ను గంటలకొద్దీ తిప్పుతూ కూర్చునే బాధ తప్పుతుంది. రోజూ నడపడానికి, రెండే కంప్యూటర్లుండి ఇంకేమీ అక్కర్లేకపోతే ఆ కేబుల్‌నే అలా ఉంచేయవచ్చు.

ట్యాబ్లెట్ కూడా కావాలి, ఇంటర్నెట్ కూడా కావాలి అనేవారికి నా ఓటు ఒక చిన్న 5 పోర్టుల స్విచ్‌కు పడుతుంది. రెండు కంప్యూటర్లూ దానికే తగిలి ఉంటాయి, అక్కడి నుంచి ఒక్క కేబుల్ రౌటర్‌కు వెళ్తుంది. రౌటర్ ఆరిపోయినా స్విచ్ వెలిగి ఉన్నంతసేపు రెండింటి మాటా సాగుతుంది, అడ్రస్‌లు చేత్తో ఇచ్చినవైతే రౌటర్ తిరిగి వచ్చాక మారే ప్రమాదమూ లేదు. రౌటర్ పంచే వరసకు బయటి అంకెలు, ఉదాహరణకు 192.168.1.201, 192.168.1.202, ఎంచుకుంటే ఇంకో ఫోను వచ్చి అదే అడ్రస్ తీసుకోదు. స్విచ్‌ను మాత్రం కంప్యూటర్లున్న యూపీఎస్ లైనుకే తగిలించాలి, గోడ ప్లగ్గుకు కాదు.