రెండు సూదుల తేమ మీటర్: పత్తి బండి ఎప్పుడు కట్టాలో తేల్చే పనిముట్టు

ఆదిలాబాద్ జిల్లాలో బేల, జైనథ్, తాంసి వైపు పత్తి పండించేవాళ్లకు చేతిలో ఇమిడే డిజిటల్ తేమ మీటర్ తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే మార్కెట్ యార్డుకు పోయే ముందు రోజు కాదు, మొదటి ఏరుడు మొదలయ్యేలోపే కొనాలి.

మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) లెక్క తెలిస్తేనే దీని విలువ అర్థమవుతుంది. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత పడుతుంది, 12 శాతం దగ్గర 7,785.60 చేతికొస్తుంది. 12 దాటితే కొనరు. ఈ కోత చూసి భయపడి 8 వచ్చేదాకా ఎండబెట్టేవాళ్లు చాలామంది. 12 శాతం తేమ ఉన్న క్వింటాలు 8కి ఎండేసరికి తూగేది సుమారు 95.65 కిలోలే, వచ్చేది 7,757 రూపాయలే! ఎండబెట్టిన కూలి దండగ, పైగా వాన భయం. అందుకే మీటర్ 10, 11 చూపిస్తే బండి కట్టేయండి. 13, 14 చూపిస్తే మాత్రం ఎంత తొందరున్నా ఆగండి. వెనక్కి పంపితే ట్రాలీ కిరాయి పోతుంది, ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర అవుతుంది.

సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి మీటర్ తేమ చెబుతుంది. వదులు పత్తిలో గుచ్చితే తక్కువ, గట్టిగా అదిమితే ఎక్కువ వస్తుంది కాబట్టి ప్రతిసారీ ఒకే బిగువుతో నొక్కాలి. చెమట చెయ్యి, పచ్చి ఆకు ముక్కలు అంకెను పెంచేస్తాయి. ట్రాలీ రేకుకు సూది తగిలితే ఆ కొలత పనికిరాదు. కట్టె తేమ చూసే మీటర్లు చవకగా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. పత్తి స్కేలు ఉన్నదే అడగండి.

కుప్ప పైపైన కొలిస్తే మోసపోతారు. మోచేతి లోతున, అయిదు చోట్ల గుచ్చి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకెనే నమ్మండి.

నవంబరు, డిసెంబరుల్లో పెన్‌గంగ ఒడ్డు చేలల్లో మంచు ఆరకముందే ఏరిన పత్తి కుప్ప అడుగున తడి పట్టుకుని ఉంటుంది. పది దాటాక ఏరించి, టార్పాలిన్ మీద పలుచగా పరిచి తిరగేయాలి. మధ్యాహ్నం మూడింటికి వచ్చిన అంకె మరునాటి తెల్లవారికి చెల్లదు. రాత్రంతా లైన్లో నిలబడ్డ ట్రాలీలో పత్తి మళ్లీ తేమ పీలుస్తుంది. సీసీఐకి పత్తి అమ్మేందుకు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరికిన తేదీకి ముందు రోజు ఒకసారి, లోడు ఎత్తేముందు ఇంకోసారి కొలవండి. యార్డు మిషన్‌కూ దీనికీ కొంత తేడా వస్తుంది కాబట్టి 11.5 దాటితే బయల్దేరొద్దు.

బ్యాటరీ నీరసిస్తే అంకె నిలవదు, సీజన్ మొదట్లోనే కొత్తది వేయండి. చిన్న రైతులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.