నా కొలతకి నేనే పోసుకున్న కయాక్ సీటు: మూడేళ్లు వాడాక

సరిగ్గా నలభై నిమిషాలు. రుషికొండ నుంచి భీమిలి వైపు తెడ్డేసుకుంటూ బయల్దేరితే నలభై నిమిషాలకల్లా నా ఎడమకాలు తిమ్మిరెక్కేది. ముందు తొడ వెనక చీమలు పాకినట్టుండేది, కాసేపటికి పాదం ఉందో లేదో తెలిసేది కాదు. ఒకసారి ఒడ్డుకొచ్చి దిగబోతే కాలు నిలవక మోకాల్లోతు నీళ్లలో అలాగే కూలబడ్డాను. పక్కన వల లాగుతున్నవాళ్లు నేను పొద్దున్నే తాగొచ్చాననుకుని నవ్వుకున్నారు.

నాది సెకండ్ హ్యాండ్ ఫైబర్ కయాక్, అంటే కాళ్లు ముందుకి పెట్టి కూర్చుని తెడ్డేసుకునే సన్నటి పడవ. పదహారు అడుగుల పొడవు, 58 సెంటీమీటర్ల వెడల్పు. పడవ బంగారం. సీటే శత్రువు. గట్టి ప్లాస్టిక్ పీట, ముందు అంచు పైకి లేచి తొడల కింద ఒత్తేది. దాని మీద రెండంగుళాల స్పాంజి వేసి చూశాను. తిమ్మిరి తగ్గింది గానీ పడవ ఊగడం మొదలెట్టింది. ఇంత సన్నటి పడవలో కూర్చునే ఎత్తు అంగుళం పెరిగినా నడుముకి తెలిసిపోతుంది, పక్కనుంచి అల తగిలితే మరీనూ. ఎత్తు పెరక్కుండా ఒత్తిడి తగ్గాలంటే సీటు నా ఒంటి ఆకారంలో ఉండాలి. అలా 2022 మేలో మేడ మీద ఈ పని పెట్టుకున్నాను. ఇప్పటికి మూడేళ్లు దాటింది. సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లో వారానికి రెండుసార్లయినా దాని మీదే కూర్చుంటున్నాను కాబట్టి మంచీ చెడ్డా చెప్పే హక్కు వచ్చిందనుకుంటా.

మొదటి ప్రయత్నం సంగతి చెప్పకపోతే అన్యాయం. థర్మాకోల్ దిమ్మని కత్తితో చెక్కి, దాని మీద ఫైబర్ మ్యాట్ (గాజు పీచు పరుపు) పరిచి, పాలియెస్టర్ రెజిన్ (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు ద్రవం) పోశాను. పది నిమిషాల్లో దిమ్మ మధ్యలో గుంట పడింది, ఆ గుంట నా కళ్ల ముందే గొయ్యి అయింది. రెజిన్ పల్చగా ఉండటానికి అందులో స్టైరీన్ ఉంటుంది. థర్మాకోల్ అంటే పాలిస్టైరీనే కాబట్టి స్టైరీన్ తగిలితే టీలో పంచదారలా కరిగిపోతుంది. ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ అయితే ఈ గొడవ లేదు, కానీ దాని ధర అడిగాక అప్పట్లో నేను మళ్లీ ఆ మాటెత్తలేదు.

అప్పుడు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ బోట్లు బాగుచేసే ఒకాయన దగ్గరికెళ్లాను. వెళ్లిన సమయం బాగోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డు మీదే ఉంటాయి, ఏడాది రిపేర్లన్నీ ఆ 61 రోజుల్లోనే జరగాలి. ఆయన చేతిలో బ్రష్షు ఆపకుండానే నా కథ విన్నాడు. "ఏటి బాబూ, థర్మాకోల్ మీద రెజిన్ పోసీసినావా? తినీదా మరి?" అన్నాడు. కాసేపాగి, "ఇసకలో కూకో. అచ్చు అదే వస్తాది" అన్నాడు. అంతే ఆయన సలహా.

ఇంటిపనికి తెచ్చిన ఇసకని వెడల్పాటి టబ్బులో పోసి, నీళ్లు చిలకరించి, పైన పాలిథిన్ పరిచి పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. ఆ అచ్చు పనికిరాలేదు. కాళ్లు చాపుకుని కూర్చోవడమే తప్పు. కయాక్‌లో మోకాళ్లు వంగి, బయటికి తెరుచుకుని, పైన డెక్‌ని, అంటే పడవ పైకప్పుని ఆనుకుంటాయి, మడమలు పడవ అడుగున ఆని, పాదాల ముందు భాగం ఫుట్ పెగ్స్‌ని (పాదాలు ఆనించే మెట్లని) తొక్కుతుంది. మోకాలు వంగగానే తొడ ఆకారం మారిపోతుంది. రెండోసారి పడవలో మడమ దూరం టేపుతో కొలిచి, అంత దూరంలో ఇటుకలు పెట్టి, మోకాళ్ల కింద దిళ్లు సర్ది, చేతిలో తెడ్డు పట్టుకుని మరీ కూర్చున్నాను. ఎదురు మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ లోపలికెళ్లి వాళ్లాయన్ని పిలుచుకొచ్చింది. ఈ మొత్తం పనిలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉందంటే ఇదే. ఫైబర్ పని అరపూట, అచ్చు పని పదిరోజులు. సీటు బాగా కుదిరిందా లేదా అన్నది రెజిన్ డబ్బా మూత తీయకముందే తేలిపోతుంది.

ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోశాను, 20 కేజీల బస్తాలో ముప్పావు వంతు పట్టింది. గట్టిపడ్డాక తిరగేస్తే మా అమ్మ చూసి "రెండు గుమ్మడికాయలు అతికించావేంట్రా?" అంది. దాన్ని వారం రోజులు మే నెల ఎండలో ఉంచాను. లోపల తడి ఉంటే దాన్నానుకున్న రెజిన్ సరిగా గట్టిపడదు. తర్వాత గరుకు కాగితం, పుట్టీ, మళ్లీ గరుకు కాగితం. తర్వాత ఫోమ్ అతికించడానికి తుంటికి ఇరుపక్కలా వేలెడు సందు మిగలాలని పక్కల్లో పుట్టీ దట్టంగా పూసి అచ్చుని కాస్త లావు చేశాను. చివర రెజిన్ అచ్చుకి అంటుకుపోకుండా మైనం పాలిష్ నాలుగు పూతలు, దాని మీద పల్చటి పొరలా ఆరే పీవీఏ ద్రవం ఒక పూత.

రెజిన్ పనికి తెల్లవారి ఐదున్నరకి మేడెక్కాను. వైజాగ్ మే ఎండలో తొమ్మిది దాటితే రెజిన్ చేతిలోనే జెల్లీ అయిపోతుంది. ముందు కోబాల్ట్‌ని (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) రెజిన్‌లో బాగా కలపాలి, ఆ తర్వాతే హార్డెనర్, అదీ ఒక శాతం చాలు. కోబాల్ట్, హార్డెనర్ రెండూ నేరుగా కలిస్తే మంటలంటుకుంటాయి, పేలనూ వచ్చు. ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టొద్దని హార్బర్ ఆయన రెండుసార్లు చెప్పాడు. అయినా నేనో తెలివితక్కువ పని చేశాను, అరకేజీ ఒకేసారి కలిపాను. మగ్గు వేడెక్కి, పొగలొచ్చి, అడుగు కారిపోయింది. ఆ తర్వాత రెండొందల గ్రాములకి మించి కలపలేదు.

ముందు జెల్‌కోట్ (సీటుకి నున్నటి పైపొర అయ్యే చిక్కటి రెజిన్), అది జిగురు పట్టాక చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే మ్యాట్ మూడు పొరలు, అంచుల్లోనూ బోల్టులు వచ్చే చోటా ఐదు. మ్యాట్‌ని కత్తిరించకుండా చేత్తో చింపితే పీచు అంచులు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, మెట్టు కనబడదు. బ్రష్షుతో పూయకూడదు, పొడవాలి. పొడుస్తుంటే తెల్లటి మ్యాట్ నేతిలో తడిసిన పూతరేకులా అద్దమైపోతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టే, రోలర్‌తో తరమాలి. మర్నాడు అంచులు కోసేటప్పుడు మాస్కు వేసుకున్నాను గానీ పొట్టి చేతుల చొక్కాతో దిగాను. రెండ్రోజులు ముంజేతుల దురద. చన్నీళ్లతో కడుక్కుంటే తగ్గుతుంది, వేణ్నీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. మేడంతా కంపు వారం ఉంది, కింద వాటావాళ్లు ఇప్పటికీ దెప్పుతారు.

తయారైన సీటు కేజీ మూడొందల గ్రాములు. ఖర్చు మొత్తం 2,600 రూపాయలు, కరిగిపోయిన థర్మాకోల్ కలుపుకుని.

ఇక వాడకం. మొదటి రోజే గంటా యాభై నిమిషాలు తెడ్డేసి దిగితే కాలు నిలబడింది. దానికి ఇంకేం చెప్పాలి! తుంటి పక్కలకి ఆనుతుంది కాబట్టి పడవని ఒక పక్కకి వాల్చాలంటే నడుము కదిపితే చాలు. పాత సీటు మీద నేను జారేవాణ్ణి, పడవ వాలేది కాదు.

లోపాలూ ఉన్నాయి. నా ఆకారానికి రెండు గుంటలున్నాయి కదా, అల లోపలికొస్తే అవి రెండు చెరువులయ్యేవి. రెండోవారమే అడుగున పది మిల్లీమీటర్ల బెజ్జాలు వేశాను. మొదట పెట్టిన బోల్టులు ఆర్నెల్లకే తుప్పు కారి జెల్‌కోట్ మీద ఎర్ర చారలు పడ్డాయి. స్టీలు అంటే సరిపోదు, ఉప్పునీళ్లకి స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకమే అడగాలి. సీటు అడుగు పడవ గోడకి రాసుకుని కిర్రుమనేది, ట్యూబు రబ్బరు ముక్క అతికించాక ఊరుకుంది. పైన అతికించిన ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ ఏటా లేచిపోతుంది. ఎండలో పడవని బోర్లించి ఉంచితే ఇంకా ముందే.

రెండో ఏడాది సీటు ఎడమ రెక్క (తుంటి పక్కన పైకి లేచిన అంచు) దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. ఎక్కేటప్పుడు నా బరువంతా అక్కడే చెయ్యి ఆనిస్తాను. రూపాయి బిళ్లతో తట్టి చూశాను. బాగున్న చోట టక్కుమంది, అక్కడ మాత్రం పుచ్చిన కొబ్బరికాయలా మొద్దుగా మోగింది. పొరలు విడిపోయాయన్నమాట. గట్టిపడిన పాత పాలియెస్టర్ మీద మళ్లీ పాలియెస్టర్ అంత గట్టిగా అతకదు కాబట్టి ఈసారి డబ్బు చూసుకోకుండా ఎపాక్సీయే వాడాను. ఆ అతుకు ఇంకా నిలిచే ఉంది.

అన్నిటికన్నా పెద్ద లోపం సీటుది కాదు. ఈ మూడేళ్లలో నేను ఆరు కేజీలు పెరిగాను. కొలతకి కుట్టించుకున్న చొక్కాకైతే లోపల మడత గుడ్డ ఉంటుంది, విప్పుకోవచ్చు. ఫైబర్‌కి ఆ సౌకర్యం లేదు. తుంటి పక్కల ఫోమ్ తీసేస్తే ప్రస్తుతానికి పట్టాను. మా బావమరిది ఒకసారి పడవ అడిగి తీసుకెళ్లి ఇరవై నిమిషాలకే వెనక్కొచ్చాడు, "ఇది నీకు తప్ప ఎవరికీ పనికిరాదు బావా" అని.

అందుకే అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇది. గంటలోపు తిరిగొచ్చేవాళ్లు దీని జోలికి రావద్దు. ముందు ఫుట్ పెగ్స్ ఒక మెట్టు అటూ ఇటూ జరిపి చూడండి, దాంతోనే కొంతమందికి తిమ్మిరి పోవచ్చు. పోకపోతే గట్టి ఈవీఏ ఫోమ్ (చెప్పుల్లో వాడే రబ్బరు లాంటి స్పాంజి) దిమ్మ కొని చెక్కుకోండి. తప్పు చెక్కితే పారేసి ఇంకోటి చెక్కొచ్చు, కంపు లేదు, దురద లేదు. రెండు మూడు గంటలు సముద్రంలో ఉండేవాళ్లకి మాత్రం ఇంత శ్రమా గిట్టుబాటే.

మళ్లీ చేస్తే ముందు అంచుని ఇంకో అంగుళం కిందికి దించుతాను, ఎడమ రెక్కకి రెండు పొరలు ఎక్కువేస్తాను. ప్లాస్టర్ అచ్చు ఇప్పటికీ మెట్ల కింద ఉంది. పారేద్దామంటే మొయ్యలేం. మా అమ్మ దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకుంది.