ముందు పరీక్ష ఎవరికి: జబ్బు వచ్చిన తల్లికా, ఆరోగ్యంగా ఉన్న కూతురికా?

మా పిన్నికి 54వ ఏట అండాశయ క్యాన్సర్ బయటపడినప్పుడు ఇంట్లో అందరి దిగులూ ఆమె కూతురి గురించే. "పిన్నికి ఎలాగూ వచ్చేసింది, ఇంకా సూదులతో ఆమెను ఎందుకు బాధపెట్టడం? ముందు పిల్లకు జన్యు పరీక్ష చేయిద్దాం" అన్నారు పెద్దవాళ్లు. చేయించాం. లోపమేమీ కనబడలేదని నివేదిక వచ్చింది. ఆ రోజు ఇంట్లో పాయసం వండారు.

ఆ నివేదిక మీద మేం అంత భరోసా పెట్టుకోకూడదని తర్వాత తెలిసింది. కూతురిలో ఏమీ కనబడలేదంటే, తల్లిలోని లోపం కూతురికి రాలేదని కావచ్చు. అప్పుడు నిశ్చింతే. లేదా తల్లి జబ్బుకు మూలమైన జన్యు మార్పు ఆ పరీక్షకు అందేది కాకపోవచ్చు. అలాంటప్పుడు అది కూతురికి వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు. అసలు తల్లి జబ్బు వంశపారంపర్యం కాకపోనూవచ్చు; మొత్తం క్యాన్సర్లలో అలా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. తల్లిని పరీక్షించకుండా ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చడం కుదరదు.

అందుకే నా మాట ఒకటే: జబ్బు వచ్చిన మనిషి బతికి ఉంటే, మొదటి పరీక్ష ఆ మనిషికే. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనేవి లోపముంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు. వాటిలో హాని చేసే మార్పులు వేల రకాలున్నాయి. తల్లి రక్తంలో ఆ రెంటితో పాటు ఇతర క్యాన్సర్ జన్యువులనూ మొదటి నుంచి చివరి దాకా చదివిస్తే, మార్పు ఫలానా చోట ఉందని తేలుతుంది. ఆ తర్వాత రక్తసంబంధీకులకు ఆ ఒక్క చోటు చూస్తే చాలు. ఖర్చు తగ్గుతుంది, జవాబు ఉందనో లేదనో సూటిగా వస్తుంది.

తల్లికీ మేలే. బీఆర్‌సీఏ లోపం ఉన్న అండాశయ క్యాన్సర్‌పై బాగా పనిచేసే ఒలపారిబ్ అనే మందుకు అమెరికాలో 2014లోనే అనుమతి వచ్చింది. పరీక్ష ఫలితాన్ని బట్టి వైద్యులు చికిత్స మార్చగలరు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే పిన్నిని "ఎందుకు బాధపెట్టడం" అనే మాట మా నోట వచ్చేది కాదు.

తల్లితో మొదలుపెట్టడంలో కష్టం లేకపోలేదు. "నా వల్లే పిల్లలకు వచ్చిందా" అని ఆమె కుమిలిపోతుంది. ఆ లోపం ఆమెకూ ఎవరో ఒకరి నుంచి వచ్చిందే. జన్యు సలహా ఇచ్చే వైద్యులు పరీక్షకు ముందే ఆమెతో కూర్చుని ఈ మాట చెప్పాలి.

ఇక తల్లి చనిపోయి ఉంటే? జబ్బు వచ్చిన పెద్దమ్మో, మేనమామో ఉన్నారేమో చూడాలి. శస్త్రచికిత్సలో తీసిన ముక్కను ఆస్పత్రులు మైనంలో భద్రపరుస్తాయి, దాన్ని బ్లాక్ అంటారు. కొన్నిసార్లు దాని నుంచీ సమాచారం రాబట్టవచ్చు. ఏదీ లేనప్పుడు మాత్రమే ఆరోగ్యంగా ఉన్న కూతురితో మొదలుపెట్టడం న్యాయం. అప్పుడు కూడా "లేదు" అనే జవాబును సగం జవాబుగానే తీసుకోవాలి.

అమెరికాలోని మన పిల్లలు లాలాజలం పంపించి ఇంట్లోనే చేసుకునే పరీక్షల గురించి అడుగుతుంటారు. 2018లో అక్కడ అనుమతి పొందిన అలాంటి పరీక్ష చూసింది మూడే మార్పులు, అవీ అష్కెనాజీ యూదుల్లో, అంటే మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో, ఎక్కువగా కనిపించేవి. తర్వాత ఆ జాబితా పెరిగినా అది జన్యువు మొత్తాన్ని చదవడం కాదు. ఇంట్లో క్యాన్సర్ ఉన్న తెలుగు కుటుంబం దాని మీద ఆధారపడకూడదు.

"అర్థం తేలని మార్పు" అని కూడా నివేదికలు వస్తాయి; అంటే ఆ మార్పు హాని చేసేదో కాదో ఇంకా తెలియదని. మనవాళ్ల జన్యు సమాచారం ఇంకా తక్కువగా పోగైనందువల్ల మన నివేదికల్లో ఈ మాట ఎక్కువ. దాన్ని పట్టుకుని ఎవరూ ఆపరేషన్‌కు తొందరపడకూడదు.

హాని చేసే మార్పు ఉందని తేలితే ముప్పు చిన్నది కాదు. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం బీఆర్‌సీఏ1 లోపమున్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ 72 శాతం మందికి, అండాశయ క్యాన్సర్ 44 శాతం మందికి రావచ్చు. అందుకే 25వ ఏట నుంచి ఏటా రొమ్ముకు ఎంఆర్ఐ చేయించుకోమంటారు. పిల్లలు పుట్టాక, 35 నుంచి 40 ఏళ్ల మధ్య అండాశయాలు, అండవాహికలు తీయించుకోమంటారు.

చివరకు పిన్నికీ పరీక్ష జరిగింది. బీఆర్‌సీఏ1లో మార్పు దొరికింది. కూతురిలో అది లేదు. పాయసం వండుకున్న నాటి నివేదికకు అసలు విలువ అప్పుడు వచ్చింది. మా అమ్మలోనూ లేదు, కాబట్టి ఆమె వైపు నుంచి అది నాకు వచ్చే వీలు లేదు. పరీక్ష చేయించాలని మాలో ఎవరికీ తోచని పిన్ని కొడుకులో ఉంది. అతనికి మూడేళ్ల పాప. ఆ పాపకు పరీక్ష ఇప్పుడు కాదు, పెద్దయ్యాక తానే నిర్ణయించుకోవాలని వైద్యులు చెప్పారు. పిన్ని నివేదిక నకలు ఒకటి ఆ పాప పేరు రాసి బీరువాలో పెట్టాడు.