‘స్కల్స్’, ‘గుడ్ షెపర్డ్’, ‘రయట్ క్లబ్’: రహస్య సంఘాల సినిమాల్లో ఏది మేలు?

పేరున్న విశ్వవిద్యాలయం, అందులో ఒక రహస్య సంఘం, ఆ సంఘంలో చిక్కుకున్న ఒక కుర్రవాడు. ఈ కోవలో మంచి థ్రిల్లర్ ఏదని అడిగితే చాలామంది ముందుగా చెప్పేది 2000లో వచ్చిన ‘ది స్కల్స్’. అది చూసినవారు మళ్లీ అడిగే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: ‘ది గుడ్ షెపర్డ్’ (2006), ‘ది రయట్ క్లబ్’ (2014) దీనికంటే మేలంటారు, నిజమేనా? ఈమధ్య మూడింటినీ వరుసగా మరోసారి చూశాను కనుక ఆ ప్రశ్నకు ఒక్కచోటే జవాబు రాస్తున్నాను. కథల్లోని మలుపులు బయటపెట్టకుండా ఈ పోలిక కుదరదు కాబట్టి, ఇంకా చూడనివారు ఆ సంగతి గుర్తుంచుకుని ముందుకు సాగాలి.

నటన, ఛాయాగ్రహణం, వేగం అంటూ ఒక్కోదానికి మార్కులు వేసుకుంటూ పోతే మూడూ అటూ ఇటూగా సమానంగానే తేలతాయి. నా దృష్టిలో తీర్పు చెప్పవలసిన ప్రశ్న వేరే ఉంది. సంఘం చేసిన తప్పు బయటపడితే ఏమవుతుందని ఆ సినిమా నమ్ముతోంది? బయటపడిన మరుక్షణం సంఘం కుప్పకూలుతుందని నమ్మితే, కథంతా సాక్ష్యాన్ని దాచడం, దొంగిలించడం, వెంటాడడం చుట్టూ తిరుగుతుంది. బయటపడినా ఎవరికీ ఏమీ కాదని తెలిసిన సినిమా మరో దారి వెతుక్కోవాలి. ఆ రెండో దారే కష్టమైనది, భయపెట్టేది కూడా.

ఇది గాలిలో నుంచి తెచ్చిన కొలబద్ద కాదు. ‘స్కల్స్’కు ప్రేరణ అయిన ‘స్కల్ అండ్ బోన్స్’ సంఘం యేల్ విశ్వవిద్యాలయంలో 1832లో పుట్టింది. ఏటా చివరి సంవత్సరంలోకి అడుగుపెట్టే విద్యార్థుల నుంచి 15 మందిని ఎంచుకుంటుంది. న్యూ హేవెన్‌లోని హై స్ట్రీట్‌లో ‘టూంబ్’ అని పిలిచే దాని భవనం దారిన పోయే ఎవరికైనా కనిపిస్తుంది. అందులో ఎవరెవరు ఉండేవారో కూడా పెద్ద రహస్యం కాదు. ఒకప్పుడు ఎంపికైనవారి పేర్లు పత్రికల్లోనే అచ్చయ్యేవి. 2004లో అమెరికా అధ్యక్ష పదవికి తలపడిన జార్జ్ డబ్ల్యూ. బుష్, జాన్ కెర్రీ ఇద్దరూ ఆ సంఘం వారేనని దేశమంతటికీ తెలుసు. టీవీ ముఖాముఖిలో దాని గురించి అడిగితే ఇద్దరూ అది రహస్యమంటూ నవ్వుతూ దాటవేశారు. అంతటితో ఆ సంగతి ముగిసింది. తెలిసినా ఏమీ కాకపోవడమే అక్కడి అసలు బలం. ఏ సినిమా దీన్ని పట్టుకుంది, ఏది పట్టుకోలేదు అన్నదే నాకు ముఖ్యం.

రాబ్ కోహెన్ దర్శకత్వం వహించిన ‘స్కల్స్’ మొదటి సగం, నిజం చెప్పాలంటే, దానికి దక్కిన పేరుకంటే మెరుగైనది. జాషువా జాక్సన్ పోషించిన ల్యూక్ ఎవరి అండా లేని దిగువ తరగతి కుర్రవాడు. పడవ పందేల జట్టులో మేటి. ముందున్న న్యాయశాస్త్ర చదువుకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తెలియనివాడు. సంఘం అతన్ని బెదిరించి లాక్కోదు. చేర్చుకుని, బ్యాంకు ఖాతాలో వేల డాలర్లు వేస్తుంది, కారు ఇస్తుంది. మణికట్టు మీద పుర్రె ముద్ర కాల్చి వేసి, అది కనిపించకుండా పైన కట్టుకోవడానికి ఒక ఖరీదైన చేతి గడియారం ఇస్తుంది. వాతను కానుకతో కప్పిన ఆ ఒక్క చిన్న వివరంలో సినిమా చెప్పదలచుకున్నదంతా ఉంది. అవసరంలో ఉన్నవాడికి సాయం ఎంత తియ్యగా అందుతుందో, అందుకున్న క్షణం నుంచి నోరు ఎలా మూతపడుతుందో చూపడంలో మిగతా రెండు సినిమాలూ దీని దరిదాపులకు రావు.

తరువాత కథ దారి తప్పుతుంది. విద్యార్థి పత్రికకు రాసే ల్యూక్ స్నేహితుడు సంఘం భవనంలోకి దొంగచాటుగా వెళ్లి, సంఘంలో ల్యూక్‌కు జోడీగా ఉన్న కేలబ్ (పాల్ వాకర్) కంటపడి, పెనుగులాటలో గాయపడతాడు. పెద్దల ఆదేశంతో అతని ప్రాణం తీస్తారు. అక్కడి నుంచి కథ మొత్తం ఆ సంఘటన రికార్డయిన ఒక వీడియో టేపు మీద ఆధారపడుతుంది. టేపు ఎవరి చేతిలో ఉంటే గెలుపు వారిదన్నమాట. హీరోను మానసిక చికిత్సాలయంలో పడేస్తారు, వెంటాడతారు, చివరకు పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం దాకా లాక్కెళ్తారు. న్యాయమూర్తులనూ పోలీసులనూ గుప్పిట్లో పెట్టుకున్నామని చెప్పుకునే సంఘం ఒక్క టేపుకు ఇంతగా వణికిపోవడం ఏమిటన్న అనుమానం ఒకసారి కలిగిందంటే, రెండో సగంలో భయం నిలవదు. మరుసటి ఏడాదే ఇదే దర్శకుడు, ఇదే పాల్ వాకర్ కలిసి కార్ల పందేల సినిమాతో భారీ విజయం సాధించారు. వారి మనసు అప్పటికే ఎటు లాగుతోందో ‘స్కల్స్’ రెండో సగం చూస్తే అర్థమవుతుంది.

‘రయట్ క్లబ్’ అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున, ఆక్స్‌ఫర్డ్‌లో జరుగుతుంది. లారా వేడ్ తన నాటకాన్నే తెరకు మలచగా, డెన్మార్క్ దర్శకురాలు లోనె షెర్ఫిగ్ తీశారు. దీని వెనుక ఉన్నది ఆక్స్‌ఫర్డ్ ధనిక విద్యార్థుల బులింగ్డన్ క్లబ్ అని అందరికీ తెలుసు. 1987లో టెయిల్‌కోట్లు తొడుక్కుని మెట్ల మీద నిలబడిన ఆ క్లబ్ సభ్యుల ఫోటోలో డేవిడ్ కామెరాన్, బోరిస్ జాన్సన్ ఇద్దరూ ఉన్నారు. 2007లో హక్కుదారులు ఆ ఫోటో అచ్చు వేయడానికి అనుమతి ఉపసంహరించుకున్నా, అప్పటికే దాన్ని చూడనివారు లేరు. 2010 ఏప్రిల్‌లో లండన్‌లో నాటకం మొదలైంది; మే నెలలో కామెరాన్ ప్రధాని అయ్యారు; 2019లో జాన్సన్ కూడా అయ్యారు. ఫోటో చేసిన నష్టం అంతే.

సినిమాలో కీలక భాగం ఒక పల్లెటూరి పబ్బులోని భోజనాల గదిలో గడుస్తుంది. పదిమంది సభ్యులు వార్షిక విందుకు చేరతారు. ఒక పక్షిలో మరో పక్షిని కూరి వండే పది పక్షుల వేపుడు కావాలని ముందే చెప్పి ఉంటారు. వడ్డించాక లెక్క చూస్తే ఒక పక్షి తక్కువ. ఆ అల్పమైన లోటు నుంచి వారి మాటల్లో విషం ఎలా ఊరుతుందో, యజమాని ఎంత వినయంగా ఉంటే వారికి అంత కంపరం ఎలా పెరుగుతుందో కెమెరా తొందరపడకుండా చూపిస్తుంది. గది ధ్వంసమవుతుంది, నష్టానికి డబ్బు ఇస్తామంటారు, వద్దన్నందుకు యజమానిని చావబాదుతారు. అంతకుముందే మరో దృశ్యం ఉంది. సభ్యుల్లో ఒకడి స్నేహితురాలైన సాధారణ కుటుంబపు అమ్మాయిని మోసంతో అక్కడికి రప్పించి, ఆమె చదువుకయ్యే ఫీజు మొత్తం మేమే కడతామని, అందుకు తమ కోరిక తీర్చాలని బేరం పెడతారు. ‘స్కల్స్’లో ల్యూక్‌కు వరంగా అందిన చదువు డబ్బే ఇక్కడ అవమానంగా మారి కనిపిస్తుంది. రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది; నాకు ఈ పోలిక రాయాలనిపించడానికి అది కూడా ఒక కారణం.

ఇక నా ప్రశ్నకు ‘రయట్ క్లబ్’ ఇచ్చే సమాధానం సూటిగా ఉంటుంది. దాచడానికి ఏమీ లేదు, టేపు లేదు, వెంటాట లేదు. దెబ్బలు తిన్న మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు, పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి. అన్నీ బయటపడిన తరువాత, విశ్వవిద్యాలయం వెళ్లగొట్టిన కుర్రవాడిని పూర్వ సభ్యుడైన ఒక పార్లమెంటు సభ్యుడు పిలిపించుకుని, భవిష్యత్తుకు భరోసా ఇస్తాడు. ఆ సంభాషణలో గొంతు పెంచేవారు ఎవరూ లేరు. ‘స్కల్స్’లో పేలిన తుపాకులన్నీ కలిసి పుట్టించలేని భయం ఈ మర్యాదైన మాటల్లో ఉంది. లోపం లేదని అనను. పదిమంది కుర్రవాళ్లలో ముగ్గురు నలుగురు తప్ప మిగిలినవారు ఒకరికొకరు నకళ్లలా ఉంటారు. రంగస్థలం వాసన కూడా పూర్తిగా పోలేదు.

‘గుడ్ షెపర్డ్’ను ఈ వరుసలో చేర్చడం కొంతవరకు అన్యాయమే, ఎందుకంటే రాబర్ట్ డి నీరో తీసిన ఈ రెండుముప్పావు గంటల సినిమా ప్రధానంగా అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. పుట్టుక కథ, క్యూబా మీద అమెరికా చేయించిన 1961 నాటి బే ఆఫ్ పిగ్స్ దాడి పరాజయానికి సమాచారం ఎక్కడ లీకయిందన్న అన్వేషణ. అయినా స్కల్ అండ్ బోన్స్‌ను పేరుతో సహా, అట్టహాసం లేకుండా చూపింది ఈ మూడింటిలో ఇదొక్కటే. 1939లో సంఘంలో చేరే రాత్రి ప్రతి కొత్త సభ్యుడూ తన జీవితంలోని ఒక రహస్యం అందరి ముందూ చెప్పాలి. మాట్ డామన్ పోషించిన ఎడ్వర్డ్ విల్సన్ తన తండ్రి ఆత్మహత్య గురించి చెబుతాడు. ఆయన రాసి వెళ్లిన ఉత్తరాన్ని మాత్రం విప్పకుండా ఏళ్ల తరబడి దాచుకుంటాడు. సంఘం అతనికి డబ్బు ఇవ్వలేదు, కారు ఇవ్వలేదు. అతని గుట్టు ఒకటి తన దగ్గర పెట్టుకుంది, అంతే. నా ప్రశ్నకు ఈ సినిమా చెప్పే జవాబు కూడా విచిత్రమైనది: రహస్యం బయటివారి వల్ల కాదు, సంఘం సభ్యులు ఏటా కలుసుకునే డీర్ ఐలాండ్‌లో, తనవారి మధ్యనే, కన్నకొడుకు చెవిన పడి జారిపోతుంది. ఈ ఆలోచన మూడింటిలోకీ లోతైనదని ఒప్పుకుంటాను. అయితే విశ్వవిద్యాలయం భాగం త్వరగా అయిపోతుంది. ముందుకూ వెనక్కూ నడిచే కథనాన్ని ఓపికగా అనుసరించలేనివారికి సగంలోనే విసుగు పుడుతుంది. సంఘం కథ కావాలని వచ్చినవారికి ఇది రెండో సినిమాగా బాగుంటుంది, మొదటిదిగా కాదు.

‘స్కల్స్’కు 2002లో, 2004లో రెండు కొనసాగింపులు నేరుగా వీడియోలో వచ్చాయి. మూడో భాగంలో అమ్మాయి సంఘంలో చేరాలనుకోవడం ఒక్కటే కొత్తదనం. అది కూడా నిజ జీవితానికి వెనుకబడిన కొత్తదనమే, స్కల్ అండ్ బోన్స్‌లోకి అమ్మాయిలు 1990ల మొదట్లోనే ప్రవేశించారు. రెండూ వదిలేయవచ్చు.

పిల్లల్ని అమెరికా చదువులకు పంపిన కొందరు ఈ సినిమాలు చూసి అక్కడి విద్యార్థి బృందాలైన ‘ఫ్రాటర్నిటీ’లన్నీ ఇలాగే ఉంటాయా అని అడుగుతుంటారు. గ్రీకు అక్షరాల పేర్లతో కనిపించే ఆ బృందాలు చాలా విశ్వవిద్యాలయాల్లో బాహాటంగా ఉండేవే. స్కల్ అండ్ బోన్స్ లాంటి యేల్ సీనియర్ (చివరి సంవత్సరం) సంఘాల పద్ధతి వేరు, పరిధి చాలా చిన్నది.

నా మాట అడిగితే ‘రయట్ క్లబ్’. కాలక్షేపంగా ఒక రాత్రి ఉత్కంఠగా గడవాలంటే ‘స్కల్స్’ ఇప్పటికీ పనికొస్తుంది, ముఖ్యంగా మొదటి గంట. ‘గుడ్ షెపర్డ్’కు సెలవు రోజు మధ్యాహ్నం కేటాయించుకోవాలి, ఫోన్ పక్కన పెట్టాలి, చూసే ముందు బే ఆఫ్ పిగ్స్ గురించి రెండు పేజీలైనా చదువుకోవాలి. ‘రయట్ క్లబ్’ను ఎంచుకునేవారికి ఒక్క హెచ్చరిక: విందు దృశ్యం చాలాసేపు సాగుతుంది, అందులోని మాటలు, ఆ అమ్మాయితో ప్రవర్తన, చివరి దాడి చూడడం తేలిక కాదు. ఇంట్లో పిల్లలున్నప్పుడు హాల్లో పెట్టుకుని చూసే సినిమా కాదు.