క్రేయాన్ మరకకు ఏది మేలు: ఇస్త్రీపెట్టా, కొబ్బరినూనా, టర్పెంటైనా?

పిలకాయలున్న ఇంట్లో క్రేయాన్ గీత పడని దుప్పటి గానీ బండ గానీ ఉండదు. ఒంగోలులో అడిగినా నెల్లూరులో అడిగినా తలా ఒక మందు చెప్తారు. ఒకరు ఇస్త్రీ చెయ్యమంటారు, ఒకరు కొబ్బరినూనె రుద్దమంటారు, ఇంకొకరు పెయింట్ పలచన చేసే టర్పెంటైన్ తెచ్చుకోమంటారు, ఇవేవీ కాదు బ్లీచింగ్ పౌడరో బాత్రూం యాసిడో పోసెయ్యండి అనేవాళ్లూ ఉన్నారు. ఆ చివరి మాట మాత్రం వినొద్దు. మిగతా మూడూ పనిచేసేవే, కాకపోతే దేనిమీద ఏది వాడాలో చూసుకోకపోతే పోయే మరక కాస్తా మొండి మరకైపోతుంది.

అసలు క్రేయాన్‌లో ఉండేది పారఫిన్ మైనం, అందులో కలిపిన రంగుపొడి. మైనం నీళ్లలో కరగదు కాబట్టి మార్కాపురం పలక మీద బలపం గీత పోయినట్టు ఇది తడిగుడ్డకు పోదు. వేడికి కరుగుతుంది, నూనెలో కరుగుతుంది, కిరసనాయిలు, టర్పెంటైన్ లాంటివాటిలో ఇంకా బాగా కరుగుతుంది. మనవాళ్లు చెప్పే మూడు మందులూ ఈ మూడు దారులే. మైనం పోయాక రంగు మిగుల్తుంది, దాని పని డిటర్జెంట్‌ది. ఈ వరస తప్పకూడదు, ముందు మైనం, తర్వాత రంగు. ముందే సబ్బు పెట్టి బరబరా ఉతికితే మైనం కింద రంగు భద్రంగా కూర్చుంటుంది. బ్లీచింగ్ పౌడర్ మైనాన్ని కరిగించలేదు, గుడ్డ రంగును మాత్రం తినేస్తుంది.

ఏ దారి పట్టినా మొదట గీకడం తప్పదు. మన దగ్గర రోహిణి కార్తెలో కిటికీ పక్కన పెట్టిన క్రేయాన్ వేలితో నొక్కితేనే వంగిపోతుంది, అలాంటి మెత్తటి మైనాన్ని గీకితే రాదు సరికదా చుట్టూ పూసుకుపోతుంది. ఐసుముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి మరక మీద కాసేపు పెట్టండి, చిన్న గుడ్డయితే మడిచి ఫ్రీజర్లో పెట్టినా సరే. మైనం గట్టిపడి పెళుసెక్కాక స్టీలు చెంచా అంచుతోనో పాత ఏటీఎం కార్డుతోనో గీకితే సగం పొట్టులా లేచిపోతుంది.

నూలు దుప్పట్లు, దిండు గలీబులు, మందపాటి కర్టెన్లు అయితే నా ఓటు ఇస్త్రీపెట్టెకే. మరక కింద ఒక తెల్ల కాగితం, పైన ఇంకొకటి, నీళ్లు పీల్చే రకంవి పెట్టాలి, టిష్యూ పేపరు మడతలైతే ఇంకా మంచిది. వార్తాపత్రిక మాత్రం వద్దు, వేడికి దాని సిరా గుడ్డకు అంటుకుంటుంది. ఇస్త్రీపెట్టెలో నీళ్లు లేకుండా, వేడి మధ్యస్తంగా పెట్టి, అటూ ఇటూ లాగకుండా పైనుంచి అద్ది తీస్తూ ఉండండి. కాగితం మీద మొదట తడిసినట్టు ఒక మచ్చ వస్తుంది, అది మైనం. ఆ వెనకే లేత ఎరుపో నీలమో దిగుతుంది. మచ్చ కనబడగానే కాగితం కొత్తచోటికి జరపాలి, లేకపోతే పీల్చిన మైనాన్ని మళ్లీ గుడ్డకే ఇస్తుంది. కాగితం మీద ఏమీ దిగడం లేదనుకున్నాక ఆపి, మిగిలిన రంగు మీద గిన్నెలు తోమే లిక్విడ్ చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో వెనక వైపు నుంచి రుద్ది, తర్వాత మామూలుగా ఉతకాలి. బోరులో ఉప్పునీళ్లు వచ్చే ఊళ్లలో సబ్బుబిళ్లకు నురగ రాదు, తెల్లటి తెట్టు గుడ్డకు పడుతుంది, కాబట్టి అక్కడ లిక్విడే వాడండి.

స్కూల్ యూనిఫాంల సంగతి వేరు. చాలావరకు పాలిస్టర్ కలిసిన గుడ్డే, ఎక్కువ వేడి పెడితే గుడ్డే మెరుపెక్కి పాడవుతుంది, తక్కువ పెడితే మైనం పూర్తిగా రాదు. ఇక్కడ టర్పెంటైనే మేలు. పెయింట్ షాపుల్లో చిన్న సీసా దొరుకుతుంది, కిరసనాయిలు కోసం వెతుక్కునే పని లేదు, పైగా కిరసనాయిలు వాసన అంత తొందరగా వదలదు. ముందు లోపలి మడత మీద ఒక చుక్క వేసి రంగు దిగుతుందేమో చూసుకోండి. దిగకపోతే మరకను తిరగేసి తెల్లటి పాతగుడ్డ మీద పెట్టి, దూదితో వెనకనుంచి టర్పెంటైన్ అద్దండి, మైనం కరిగి కిందిగుడ్డలోకి దిగిపోతుంది.

వాడేటప్పుడు జాగ్రత్త మాత్రం ఉండాలి. అది మండే సరుకు. వంటింట్లో, దేవుడి దీపం దగ్గర, పిలకాయల చేతికందే చోట వద్దు, బాల్కనీలోనో పెరట్లోనో చెయ్యండి. ఆ గుడ్డను నేరుగా వాషింగ్ మిషన్లో పడెయ్యకండి, చేత్తో లిక్విడ్ పెట్టి జాడించి, వాసన పోయేదాకా బయట ఆరేశాకే మిషన్లోకి. వాడిన దూదీ పాతగుడ్డలూ ఉండచుట్టి చెత్తబుట్టలో కుక్కకుండా బయట పరిచి ఆరనివ్వండి, ఉండలా చుట్టి ఉంచితే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకొక రకం మరక ఉంది, అన్నిటికంటే మొండిది. జేబులో క్రేయాన్ ముక్క ఉండగానే చొక్కా ఇస్త్రీ బండికి వెళ్తుంది, బొగ్గుల పెట్టె వేడికి అది కరిగి జేబు రెండు పొరల్లోకీ ఇంకిపోతుంది. దానికి మళ్లీ ఇస్త్రీ అంటే రంగును ఇంకా లోపలికి తోసినట్టే. టర్పెంటైన్‌తో మైనం లాగేసి, గుడ్డ లేబుల్ ఒప్పుకున్నంత వేడినీళ్లలో, ఆక్సిజన్ బ్లీచ్ (ఇది బ్లీచింగ్ పౌడర్ కాదు, రంగు గుడ్డలకూ వాడే రకం) ఉన్న డిటర్జెంట్ వేసి నానబెట్టాలి. పూర్తిగా పోకపోవచ్చు, లేతబడుతుంది. బండికి ఇచ్చేముందు జేబులు తిరగెయ్యడం ఇంతకంటే తేలిక.

పట్టుచీర, జరీ ఉన్న వెంకటగిరి చీర మీద పడితే ఈ మూడింటిలో ఏదీ ఇంట్లో చెయ్యొద్దని గట్టిగా చెప్తాను. గీకడం కూడా వద్దు, పోగులు లేస్తాయి. పెట్రోలు వాష్‌కి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు మరక చూపించి ఇది క్రేయాన్ అని నోటితో చెప్పండి, ముందే రోలింగ్‌కి వెయ్యొద్దని కూడా చెప్పండి. రోలింగ్‌లో వేడి రోలర్ల మధ్య చీర నడుస్తుంది, మైనం అక్కడ కరిగితే మడతమడతకూ అచ్చుపడుతుంది.

ఇంత చెప్పినా కొబ్బరినూనె ఊసు రాలేదు. గుడ్డల మీద నేను దాన్ని ఆఖర్న పెడతాను, ఎందుకంటే మైనం మరక తీసి నూనె మరక తెచ్చుకోవడమే అవుతుంది. దాని చోటు నేల, రెగ్జిన్ సోఫా. రెగ్జిన్ మీద టర్పెంటైన్, థిన్నర్ పడితే పై పొర జిగటగా అయి తర్వాత పగుళ్లిస్తుంది. అక్కడ రెండు చుక్కల కొబ్బరినూనె మెత్తటి గుడ్డకు రాసి, గుండ్రంగా తిప్పుతూ తుడిచి, లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లతో జిడ్డు తీసేస్తే చాలు. నునుపు విట్రిఫైడ్ టైల్స్ మీదా ఇదే మొదటి మందు. టైల్ ఏమీ పీల్చుకోదు కాబట్టి నూనె భయం లేదు, కాకపోతే టైళ్ల మధ్య జాయింట్లలోకి నూనె పోనివ్వకండి, అక్కడున్న సిమెంటు రంగునంతా లాగేసుకుంటుంది. జాయింట్లో పడిన గీతకు వంటసోడా ముద్ద, టూత్‌బ్రష్ చాలు. స్టీలు పీచు, గిన్నెల పొడి వద్దు, నున్నటి టైలు మీద సన్నటి గీతలు పడి ఆ తర్వాత ప్రతి మురికీ అక్కడే పట్టుకుంటుంది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేసుకున్నవాళ్లకు సమస్య ఇంకో రకం. నల్లరాయి మీద గీత తుడిచేశాక పోయిందనే అనిపిస్తుంది, సాయంత్రం వాలుగా వెలుతురు పడ్డప్పుడు చూడండి, బంగారు చుక్కలు మెరిసే చోట ఒక మసక పట్టీ కనబడుతుంది. అది మిగిలిన మైనం పొర. అక్కడ హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబరిచి, వెంటనే టిష్యూతో తుడిచి, లిక్విడ్ నీళ్లతో కడిగితే మెరుపు తిరిగొస్తుంది. నూనె కూడా పనిచేస్తుంది గానీ నల్లరాయి మీద జిడ్డు జాడ పోగొట్టడం దానికదే ఒక పని.

అసలు చిక్కు కడప బండలు, బేతంచెర్ల బండలు, నాపరాళ్లు వేసిన పాత ఇళ్లది. ఇవి సున్నపురాతి జాతి, పీల్చుకునే గుణం ఉంది. యాసిడ్ పోస్తే బుసబుసా పొంగి రాయే తినుకుపోతుంది, మైనం మాత్రం అక్కడే ఉంటుంది. నిమ్మరసం, వెనిగర్ కూడా కొద్దిపాటి యాసిడ్లే, పాలిష్ పోయి తెల్లమచ్చ పడుతుంది. నూనె రుద్దితే ఆ ఒక్క చోటే నల్లగా నిగనిగలాడి, మిగతా బండంతా వెలిసినట్టు కనబడుతుంది. డ్రయ్యర్ వేడికి కరిగిన మైనం సందుల్లోకి దిగిపోతుంది. అందుకని ఐసు పెట్టి గీకి, టాల్కం పౌడర్లో టర్పెంటైన్ కలిపి ముద్దలా చేసి, మరక మీద మందంగా పట్టించి, పైన పాలిథిన్ కవర్ కప్పి అంచులు టేపుతో అంటించి రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి కవర్ తీసి ఆరనిచ్చి గీకేస్తే, కరిగిన మైనాన్ని పౌడరు పైకి లాగేసి ఉంటుంది. పాత గీతలకు రెండోసారి పెట్టాల్సి రావచ్చు. ఎర్ర గచ్చు మీద మాత్రం టర్పెంటైన్ వద్దు, గచ్చుకున్న పాలిష్ లేచిపోతుంది, దానికి కొబ్బరినూనే సరి.

ఒకే ఒక్కటి ఇంట్లో పెట్టుకోవాలంటే టర్పెంటైన్ చిన్న సీసా అంటాను, పై అలమారలో, తాళం వేసి. ఇక క్రేయాన్లు కొనేటప్పుడు డబ్బా మీద నీళ్లకు పోయే రకం అని రాసి ఉందేమో చూడండి. అవి వేరే తయారీ, సబ్బునీళ్లకే వదుల్తాయి. వాటి గీతకు అలవాటుకొద్దీ ఇస్త్రీపెట్టె పెట్టారంటే మాత్రం ఆ రంగును గుడ్డలోకి దింపేసినట్టే, ముందు తడిగుడ్డతో ఒక మూల తుడిచి చూశాకే ఏ మందైనా.