డెంటన్ కోర్టు చూడాల్సిందే, బస మాత్రం చూసి తీసుకోండి

తమ్ముడి గ్రాడ్యుయేషన్ కోసం అమ్మానాన్నలతో హ్యూస్టన్ నుంచి టెక్సస్‌లోనే ఉన్న డెంటన్ వెళ్లాం. వేడుక బాగా జరిగింది, ఫొటోలు దిగాం. ఇది రాస్తున్నది మాత్రం మమ్మల్ని మోసం చేసిన బస గురించి, నాన్న వదిలి రానన్న పాత కోర్టు గురించి.

ముందు బస సంగతి. ఆన్‌లైన్‌లో గది 139 డాలర్లని బుక్ చేశాం. తీరా కౌంటర్ దగ్గర సౌకర్యాల ఫీజు 25, పార్కింగ్ 18 అన్నారు. పన్ను కాకుండానే 182. ఏసీ రాత్రంతా లారీ ఇంజన్‌లా మోగింది. అమ్మ పొద్దున్నే ఏదైనా తిని బీపీ మాత్ర వేసుకోవాలి. ఉచిత బ్రేక్‌ఫాస్ట్ అన్నవాళ్లు కవర్‌లో చుట్టిన చల్లటి మఫిన్ చేతిలో పెట్టారు. వేడినీళ్లు అడిగితే మెషిన్ పాడైందట. మేనేజర్‌ని నిలదీస్తే, చార్జీలన్నీ షరతుల్లో ఉన్నాయని స్క్రీన్ తిప్పి చూపించాడు. అమ్మ ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది రేటు నమ్మకండి, చివరి మొత్తం ఎంతో ఫోన్ చేసి కనుక్కోండి.

ఆ చిరాకంతా కోర్టు దగ్గర పోయింది. ఆ పాత కోర్టు ఇప్పుడు మ్యూజియం. దానికి టికెట్ లేదు, పక్క వీధిలో పార్కింగ్‌కూ డబ్బు కట్టలేదు. నాన్న ఒంగోలు కోర్టులో శిరస్తదారుగా రిటైరయ్యారు. చీమకుర్తి రాయి ఎరిగిన మనిషి కదా, ముందు గ్రానైట్ స్తంభాలనే తడిమి చూశారు.

1846లో ఏర్పడిన డెంటన్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) మొదటి కేంద్రం పింక్‌నీవిల్. నీళ్లు లేక ఆల్టన్‌కు, చివరికి 1857లో డెంటన్‌కు మార్చారు. ఇక్కడి తొలి కోర్టు 1875 డిసెంబరులో తగలబడింది. రికార్డులు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. అది విని నాన్న కుర్చీ లాక్కుని ఈ కథ చెబుతున్న మ్యూజియం వలంటీరు ఎదురుగా కూర్చున్నారు. "రిజిస్టర్లే పోతే ఏ పొలం ఎవరిదో ఎలా తేలుతుంది? అసలు దస్తావేజు ఇంట్లో దాచుకున్నవాడే బతికిపోతాడు" అంటుంటే తమ్ముడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ ఏమాత్రం విసుక్కోకుండా పాత ఫొటోలన్నీ చూపించింది.

తర్వాత కట్టిన ఇటుక కోర్టు మీద 1894లో పిడుగు పడింది. దాన్ని కూల్చి, ఆర్కిటెక్ట్ డబ్ల్యూ.సి. డాడ్సన్ నమూనాతో 1896లో కట్టిందే ఇప్పుడున్న సున్నపురాయి భవనం. కేసులు ఇప్పుడు మెకిన్నీ స్ట్రీట్‌లోని కొత్త భవనంలో నడుస్తున్నాయి. బయట పచ్చికలో జాన్ బి. డెంటన్ సమాధి ఉంది. ఊరికీ కౌంటీకీ పేరిచ్చిన ఆ లాయరు 1841లో చనిపోతే, 1901లో అస్థికలు ఇక్కడికి తెచ్చారు.

మ్యూజియం వేళలు ముందే చూసుకుని కనీసం రెండు గంటలు పెట్టుకోండి. మాకు చాలలేదు. నాన్న మెకిన్నీ స్ట్రీట్ కోర్టు కూడా చూస్తానంటే, అమ్మ మాత్రం ముందు ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందో చూడమంది.