పండు ఈగ బుట్టలు కొనే మామిడి రైతులకు హెచ్చరిక: లవంగ నూనె వాసన కొట్టే ముక్కలు తీసుకోకండి

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల కొన్ని అంగళ్లలో ఈ సీజనుకు అమ్ముతున్న పండు ఈగ ఎరల్లో (బుట్టలో పెట్టే, మందులో నానబెట్టిన చెక్క ముక్కలు) నాసిరకం సరుకు కలిసింది. ప్యాకెట్ మీద మిథైల్ యూజినాల్ అనే రాసి ఉంది. విప్పితే మాత్రం పంటి డాక్టరు గదిలో వచ్చే లవంగ నూనె వాసన గుప్పుమంటోంది. బుట్ట కట్టి పది రోజులైనా అడుగున నాలుగైదు ఈగలే. అదే తోటలో పక్క చెట్టుకు కట్టిన మంచి ఎరలో గుప్పెళ్లకొద్దీ పడ్డాయి. తోటలో ఈగ లేదనుకుని ఊరుకుంటే కోత నాటికి బెంగళూరా కాయలో పురుగులు తేలతాయి. ఒక్క కాయ కోసి పురుగు చూశారంటే ర్యాంపులో (కాయలు కొనే చోట) లోడు మొత్తం వెనక్కి పంపుతారు.

లవంగ నూనెలో ఎక్కువగా ఉండేది యూజినాల్. మిథైల్ యూజినాల్ దానికి దగ్గర చుట్టమే గానీ అది వేరు పదార్థం. మగ పండు ఈగను గట్టిగా లాగేది మిథైల్ యూజినాలే. యూజినాల్‌కు ఆ బలం లేదు. అసలు సరుకు వాసన కాస్త మసాలా వాసనలా మెత్తగా ఉంటుంది, ముక్కుకు ఘాటుగా కొట్టదు. అయినా ముక్కును నమ్ముకోవద్దు, ఈగనే అడగండి. పెద్ద మొత్తంలో కొనే ముందు ఒక్కటే తెచ్చి, ఎండ ముదరకముందు ఉదయం పూట తోటలో కట్టండి. మగ ఈగలు దీనికి ఎక్కువగా స్పందించేది ఉదయమే. ఈగ ఉన్న తోటలో మంచి ఎర దగ్గరకు అరగంటలోపే రావడం మొదలవుతుంది. అనుమానం తీరకపోతే గుప్పెడు తులసి ఆకులు నలిపి ఇంకో చెట్టు కింద పెట్టండి. తులసిలోనూ ఈ పదార్థం ఉంటుంది. తులసి మీద ఈగలు వాలి, కొన్న ముక్క మీద వాలలేదంటే ఇక ఆ ముక్కను తిరిగి ఇచ్చేయాల్సిందే.

రెండో మోసం ఇంతకంటే చెడ్డది. కొన్ని ముక్కల్లో ఎర మంచిదే, పురుగుమందే లేదు. ఈగ వచ్చి, నాకి, ఎగిరిపోతోంది. మిథైల్ యూజినాల్ సిసలైన ఫెరోమోన్ (ఒక జీవి తన జాతివాటిని పిలవడానికి ఒంట్లోంచి వదిలే వాసన పదార్థం) కాదు. మొక్కల్లో ఉండే పదార్థం. మగ ఈగ దాన్ని తిని, ఒంట్లో మార్చుకుని, మలద్వారం దగ్గరి గ్రంథిలో దాచుకుని, సాయంత్రం చీకటి పడే వేళ ఆడ ఈగను పిలవడానికి వదులుతుంది. అలా తిన్న మగవాటికే జత ఎక్కువగా కుదురుతుంది. మందు లేని ముక్క కట్టడమంటే డబ్బు పెట్టి మగ ఈగలకు మేత వేయడమే.

అందుకే వీలైతే ముక్కలు మీరే తయారు చేసుకోండి. 5 సెంటీమీటర్ల చదరం, ఒక సెంటీమీటరు పైన మందం ఉన్న ప్లైవుడ్ ముక్కలు కావాలి. స్పిరిట్ 6 పాళ్లు, మిథైల్ యూజినాల్ 4 పాళ్లు, మలాథియాన్ 50 ఈసీ అనే పురుగుమందు 1 పాలు, అంటే 60, 40, 10 మిల్లీలీటర్లు. మూత గట్టిగా పడే డబ్బాలో కనీసం 48 గంటలు నానాలి. రెండు గంటలు ముంచి తీసిన ముక్క పైపైనే తడిసి వారానికే ఆరిపోతుంది. అంగట్లో దొరికే చవక ముక్కల్లో చాలావాటి జబ్బు ఇదే. గ్లవుజులు తప్పనిసరి, స్పిరిట్ దగ్గర నిప్పు వద్దు. పాత కాగితాల్లో మలాథియాన్‌కు బదులు డైక్లోరోవాస్ అని కనిపించవచ్చు. అది 2020 డిసెంబరు 31 తర్వాత నిషేధం, అమ్మినా తీసుకోకండి.

కోతకు రెండు నెలల ముందే, ఎకరాకు 8 దాకా, మనిషి ఛాతీ ఎత్తులో నీడపట్టున కట్టండి. నెల, నెలన్నరకు ముక్క మార్చాలి. బుట్టలో పడేది మగ ఈగే. ‘ఆడ ఈగ కూడా పడుతుంది’ అని చెప్పే అంగడివాడిని అక్కడే వదిలేయండి. గుడ్డు పెట్టేది ఆడది కాబట్టి రాలిన కాయను ఏరి రెండడుగుల లోతున పూడ్చకపోతే ఏ బుట్టా కాపాడదు.

టమాటా, వేరుశనగ రైతులకూ ఒక మాట. ‘అన్ని పురుగులకూ ఒకే ఎర’ అనే ప్యాకెట్లు తిరుగుతున్నాయి. అలాంటిది ఉండదు. 1959లో జర్మనీ శాస్త్రవేత్త బ్యూటెనాంట్ బృందం దాదాపు 5 లక్షల ఆడ పట్టు పురుగుల నుంచి బాంబికాల్ అనే మొదటి ఫెరోమోన్‌ను వేరు చేసింది. కుప్పం, పలమనేరు పట్టు రైతులు చూసే ఉంటారు, ఆడ సీతాకోక పక్కనుంటే మగది రెక్కలు టపటపలాడిస్తుంది. ఆ పిలుపు ఇదే. చాలా జాతులు ఒకే రకం పదార్థాలు వాడతాయి, తేడా పాళ్లలో ఉంటుంది. శనగపచ్చ పురుగుకు రెండు పదార్థాలు సుమారు 97కు 3 పాళ్లలో కలవాలి. పొగాకు లద్దె పురుగుది వేరే జంట. పాలు తప్పితే మగది రాదు. ఆసియా ఆడ ఏనుగు మూత్రంలో ఉండే ఫెరోమోన్ కూడా చాలా రెక్కల పురుగులు వాడేదేనని 1996లో తేలింది. అయినా కౌండిన్య అడవి ఏనుగు పురుగును చూసి రాదు, పురుగు ఏనుగు వెంట పోదు. కాబట్టి ఏ పురుగుకు ఏ ఎరో ప్యాకెట్ మీద పేరుతో ఉండాలి. ఒక ఎర పట్టుకున్న చేత్తో ఇంకోటి పట్టుకుంటే ఆ వాసన అంటి రెండోది చెడిపోవచ్చు.

ఫెరోమోన్ పేరు చెప్పి మనుషులకూ సెంటు సీసాలు అమ్ముతున్నారు. పందుల్లో మగదాని చొంగలోని ఆండ్రోస్టెనోన్ అనే పదార్థానికి ఎదకొచ్చిన ఆడపంది కదలకుండా నిలబడుతుంది, అది నిజం. మనిషిలో మాత్రం ఇప్పటిదాకా ఒక్క ఫెరోమోన్ కూడా రుజువు కాలేదు. చాలా జంతువుల్లో ఫెరోమోన్లను పసిగట్టే ముక్కులోని అవయవం మనలో పనిచేస్తున్న దాఖలా లేదు. పిల్లలు ఆ సీసాలకు డబ్బు పోసుకుంటుంటే చెప్పండి.

ఎర కొనేటప్పుడు అల్యూమినియం పొర ఉన్న సీలు ప్యాకెట్, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. గుమ్మానికి ఎండలో వేలాడదీసినవి వద్దు. కొన్నవి ఇంట్లో ఫ్రిజ్‌లో, తినే వస్తువులకు దూరంగా పెట్టండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు వాడని ముక్క ఒకటి సీలుతో దాచి, బుట్టల ఫొటోలు తేదీతో తీసి, రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా ఇవ్వండి. 1915కు ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు కూడా నమోదు చేయించండి.